పాత మారుతి 800 మొరాయిస్తే: కార్బురేటర్ విప్పేముందు చూడాల్సినవి

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) ఉన్న మారుతి 800 స్టార్ట్ కాకపోయినా, ఆగి ఆగి నడిచినా, మైలేజీ పడిపోయినా నింద ముందు కార్బురేటర్ మీదే పడుతుంది. విప్పుతారు, కడుగుతారు, స్క్రూలు తిప్పుతారు. తీరా చూస్తే అసలు లోపం తుప్పు పట్టిన ఎర్త్ వైరులోనో, పగిలిన రబ్బరు పైపులోనో ఉంటుంది. అది అలాగే ఉండిపోతుంది, పైగా బాగున్న సెట్టింగ్ చెడిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే వరసలో కార్బురేటర్‌ది చివరి స్థానం.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆగింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంటి దగ్గర పని నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన ఇంజన్ దొరకదు. విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఖర్చు పెట్టేముందు మాత్రం ఆర్‌సీ తీసి చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు కార్డుతో కలవకపోతే పనిముట్లు పక్కన పెట్టి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ఏళ్ల తరబడి కదలని బండి

కొత్త బ్యాటరీ తెచ్చి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంటే మొత్తం దించేయండి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి. ప్లగ్గు వైర్లు తీసేముందే 1, 2, 3 అని టేపు అంటించడం మరవద్దు. మర్నాడు క్రాంక్ పుల్లీ (ఇంజన్ పక్కన బెల్టును తిప్పే చక్రం) బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. సాఫీగా తిరిగితే సగం టెన్షన్ తీరినట్టే. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలం ఉపయోగించకండి. మళ్లీ ఆయిల్ వేసి ఇంకో రెండు రోజులు ఆగండి.

టైమింగ్ బెల్టు పైకి బాగా కనిపించినా మార్చేయడమే మంచిది. రబ్బరుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా లెక్కే.

సెల్ఫ్ కొడితే "టక్"మని ఆగిపోతోంది

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీ నీరసంగా ఉందన్నమాట, లేదా కరెంటు దారిలో ఎక్కడో అడ్డు ఉంది. లైట్లు అలాగే వెలుగుతుంటే సెల్ఫ్ మోటారు సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్), దానికి వచ్చే సన్న వైరు చూడాలి.

కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే సుమారు సగం. బ్యాటరీ బాగుండీ సెల్ఫ్ తిరగకపోతే ఎర్త్ మీద అనుమానపడండి. మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారి చెడింది. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్‌కు వెళ్లే తీగలు విప్పి, అవి తగిలే చోటును ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజ్‌లీన్ పూయండి. ఖర్చు దాదాపు సున్నా. చాలా పాత బండ్లలో లైట్లు మసకగా వెలగడం, మీటర్ల ముల్లులు తప్పుగా చూపించడం కూడా దీంతోనే సర్దుకుంటాయి.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

రెండే ప్రశ్నలు: కరెంటు వస్తోందా, పెట్రోలు వస్తోందా?

ముందు కరెంటు చూడాలి. ఒక ప్లగ్గు విప్పి వైరుకు తగిలించి, దాని లోహం ఇంజన్‌కు ఆనేలా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. చుట్టుపక్కల పెట్రోలు చుక్క కూడా ఉండకూడదు. నీలి తెలుపు నిప్పురవ్వ గట్టిగా కొడితే సరే. పసుపు రంగులో నీరసంగా ఉంటే, అసలే లేకపోతే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీయండి. పాయింట్లు (కరెంటును కలిపి విడదీసే చిన్న లోహపు కొనలు) ఉన్న మోడల్ అయితే అవి కాలి గుంటలు పడ్డాయేమో చూడండి. కొద్దిగా నల్లబడితే రుద్దితే చాలు. గుంట లోతుగా ఉంటే పాయింట్లనీ, అవి కాలిపోకుండా కాపాడే కండెన్సర్‌నీ కలిపి మార్చాలి. గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ., ఫీలర్ గేజ్‌తోనే పెట్టాలి, కంటి అంచనాతో కాదు. వానాకాలం పొద్దున మాత్రమే మొండికేస్తుంటే మూత లోపల చెమ్మ ఉందేమో, వెంట్రుకంత పగులూ దాని వెంట నల్లటి గీతా ఉన్నాయేమో వెతకండి. చెమ్మ తుడిస్తే పోతుంది, పగిలిన మూత మార్చాల్సిందే.

కరెంటు బాగుంటే పెట్రోలు సంగతి చూద్దాం. నిప్పురవ్వ రాకుండా ముందు కాయిల్‌కు (ప్లగ్గుల కోసం వోల్టేజి పెంచే భాగం) వచ్చే కరెంటు వైరు పీకేయండి. కార్బురేటర్‌లోకి వెళ్లే పైపు తీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే పెట్రోలు కొట్టుకుంటూ పడాలి. పడకపోతే ఫిల్టర్ మూసుకుంది, లేదా ట్యాంకు వైపు పైపు ఎక్కడో గాలి లాగుతోంది, లేదా ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) పోయింది. ఈ చివరిదానికి ఇంకో గుర్తుంది: డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంది. అలా కనిపిస్తే ఇంజన్ అస్సలు నడపకండి. పల్చబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. పంపుతోపాటు ఆయిల్ కూడా మార్చాలి.

చోక్ లాగితేనే నడుస్తోంది, స్లో స్పీడ్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజన్ వేగం) నిలవడం లేదు

కార్బురేటర్‌కు అన్యాయం జరిగేది ఎక్కువగా ఇక్కడే. చోక్ (కార్బురేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే మీట) లాగితే నడుస్తోందంటే ఇంజన్‌కు పెట్రోలు తక్కువగా, గాలి ఎక్కువగా అందుతోందని అర్థం. ఆ అదనపు గాలి చాలాసార్లు దొంగదారిన వస్తుంది. ఇంటేక్ మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గొట్టం) నుంచి బ్రేక్ బూస్టర్‌కు, డిస్ట్రిబ్యూటర్‌కు, ఇంకా అక్కడక్కడికీ వెళ్లే సన్న రబ్బరు పైపులు ఇరవై ఏళ్ల వేడికి గట్టిపడి చివర్లలో చీలిపోతాయి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో పైపును ముక్కు ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఏది నొక్కితే ఇంజన్ తేరుకుందో దోషి అదే. తర్వాత స్ప్రే సీసాతో మామూలు నీళ్లు కార్బురేటర్ అడుగున, గ్యాస్కెట్ అంచుల చుట్టూ కొద్దికొద్దిగా చల్లండి. ఎక్కడ చల్లినప్పుడు ఇంజన్ శబ్దం మారిందో అక్కడ లీకుంది. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు. పక్కనే సైలెన్సర్ పైపు కాలిపోతుంటుంది, ఆ పని చేయకండి.

పెట్రోలు పైపుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ బండి తయారైన కాలానికి లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు ఒకేసారి వేసేయండి. కొత్తలో ఫిల్టర్ తొందరగా మూసుకుంటే ఆశ్చర్యపోవద్దు.

ఇవన్నీ చూశాకా స్లో స్పీడ్ నిలవకపోతే అప్పుడు కార్బురేటర్ విప్పండి. ఇగ్నిషన్ తాళం తిప్పినప్పుడు కార్బురేటర్ సోలినాయిడ్ (పెట్రోలు దారి తెరిచి మూసే చిన్న కవాటం) "టిక్"మంటోందో లేదో వినండి. అనకపోతే ముందు దాని వైరు చూడండి. విప్పేముందు పైపులన్నిటికీ ఫొటోలు తీయండి. మిక్స్చర్ స్క్రూ (పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసేది) బయటికి తీసేముందు మెల్లగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి, పెట్టేటప్పుడు అన్ని చుట్లే వదలాలి. జెట్లలో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కల్లో) తీగ, పిన్నీసు పెట్టొద్దు. రంధ్రం కాస్త పెద్దదైనా ఆ జెట్ పనికిరాదు. కార్బ్ క్లీనర్, ఎయిర్ కంప్రెసర్ చాలు.

బాగానే నడిచి, వేడెక్కాక ఆగిపోతోంది

ఏప్రిల్, మే ఎండల్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఏ లోపమూ కనిపించదు. అందుకని ఆగిన ఆ క్షణంలోనే, రోడ్డు పక్కన పెట్టి పరీక్షించాలి. డిక్కీలో ఒక పాత ప్లగ్గు, స్పానర్ ఉంచుకోండి.

స్పార్క్ లేకపోతే లోపం కాయిల్‌లోనో కండెన్సర్‌లోనో ఉంది. రెండూ వేడికి చేతులెత్తేసి చల్లారాక మామూలుగా పనిచేస్తాయి. స్పార్క్ ఉంటే పెట్రోలు ట్యాంకు మూత తీయండి. "స్స్"మని గాలి లోపలికి లాగిన శబ్దం గట్టిగా వచ్చి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే ట్యాంకు గాలి దారి మూసుకుపోయింది. అదీ కాకపోతే పంపు మీద తడిగుడ్డ వేయండి. దాంతో కోలుకుంటే పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతోందని అర్థం. పైపును సైలెన్సర్‌కు దూరంగా జరపండి, వేడి కవచం ఊడిపోయి ఉంటే తిరిగి బిగించండి. తడిగుడ్డ మీద ఊరూరా తిరగడం పరిష్కారం కాదు.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటివ్వండి. తిరిగితే ఫ్యాన్ బాగుంది, స్విచ్, ఫ్యూజ్ చూడాలి. తిరగకపోతే మోటారు పోయింది. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు.

బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో సున్నం పేరుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీస్తే గొట్టాల నోళ్ల దగ్గర తెల్లగా కనిపిస్తుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయండి. మన ఎండలకు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని కవాటం) అక్కర్లేదని దాన్ని పీకేసిన బండ్లు చాలా ఉన్నాయి. ఈ సలహా నాకు నచ్చదు. ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాతదాన్ని గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి, మరగకముందే తెరుచుకుంటే అది బాగున్నట్టే.

రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం, తెల్ల పొగ, ఈ మూడూ కలిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య పొర) పోయిందన్నమాట.

బ్రేకులు

పెడల్ మీద కాలు గట్టిగా నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగుతోంది, బయట ఎక్కడా లీకు లేదంటే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయి. స్పాంజిలా ఉంటే లోపల గాలి ఉంది. ఒక పక్కకు లాగుతుంటే కాసేపు నడిపి ఆగి చక్రాలకు దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది. ఏళ్లు నిలిచిన బండిలో ఫ్లూయిడ్, రబ్బరు హోసులు చూడకుండానే మార్చేయాలి. బ్రేకు రబ్బర్లకు గ్రీజు, ఇంజన్ ఆయిల్ తగలనివ్వకండి, ఉబ్బిపోతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, కింద స్టాండ్లు ఉండాల్సిందే. బ్రేకు పని మొదటిసారి చేస్తుంటే రోడ్డెక్కేముందు మెకానిక్‌కు చూపించుకోండి.

మ్యాట్ కింద తుప్పు

రంగు బాగుందని మురిసిపోకుండా మ్యాట్లు ఎత్తండి. ముందు అద్దం రబ్బరు సందుల్లోంచి దిగిన నీళ్లు డ్రైవర్ కాళ్ల దగ్గర నిలుస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో తిరిగిన బండైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి, ఖంగుమనాలి. పలకలు రాలినా మొన దిగిపోయినా ఆ రేకు అయిపోయింది. బయట బాడీ మీద పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూస్తే ఎక్కడ అతుక్కోదో అక్కడ మందంగా లప్పం పెట్టారని తెలుస్తుంది.

పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు కన్వర్టర్ పూసి, రెడాక్సైడ్ ప్రైమర్ వేస్తే సరిపోతుంది. చిల్లు పడితే లప్పంతో, ఫైబర్ షీటుతో కప్పడం మోసం. కోసి కొత్త రేకు అతికించాలి. సస్పెన్షన్ బిగించే చోట, జాకీ పెట్టే చోట తుప్పు ఉంటే మంచి టింకరింగ్ మేస్త్రీకే అప్పగించండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ కనెక్షన్లు తీసేయించండి, పని ట్యాంకు దగ్గరైతే ట్యాంకు కూడా దించమనండి. రంగు వేశాక తలుపుల అడుగున ఉన్న చిన్న రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసుకోండి. మూసుకుపోతే తలుపుల్లోకి దిగిన వాన నీళ్లకు బయటికి దారుండదు.