ఫారిన్ వెళ్ళినప్పుడు ఆర్ట్ ఎగ్జిబిషన్ ఎలా చూడాలి: ఒక ప్లాన్లు గీసేవాడి పద్ధతి

ఫారిన్ వెళ్తున్నామంటే మా పర్లాకిమిడిలో ఊరగాయ ఎంత పట్టుకెళ్తున్నారు, స్వెట్టర్లు కొన్నారా అని అడిగేవాళ్ళే గానీ, అక్కడ ఫలానా ఎగ్జిబిషన్ చూసి రండి అనే మనిషి కనపడడు. అందుకే ఇది రాస్తున్నాను. నా పని ఇళ్ళకి ప్లాన్లు గీయడం, దగ్గరుండి కట్టించడం. అమ్మాయి లండన్‌లో ఉంటుంది. మేనల్లుడు షార్జాలో సెంట్రింగ్ పని చేస్తాడు. వాళ్ళని చూడ్డానికి వెళ్ళిన వంకన నేనూ మా ఆవిడా మ్యూజియాలూ, రెండేళ్ళకోసారి జరిగే బినాలే అనే పెద్ద ప్రదర్శనలూ తిరగడం అలవాటు చేసుకున్నాం. "మోడ్రన్ ఆర్టు మనకెక్కడ అర్థమవుతుందిలే" అని గుమ్మంలోంచే తిరిగిపోయేవాళ్ళకి నా పద్ధతి పనికొస్తుందని నమ్మకం.

పద్ధతి చిన్నదే. దేని ముందు నిలబడ్డా దీనర్థం ఏమిటని మొదట అడక్కండి. దేంతో చేశారు, ఎలా అతికారు, ఎన్ని చేతులు పడ్డాయి, ఇంత బరువుని ఇక్కడికెలా ఎక్కించారు, ఇవి అడగండి. వీటికి జవాబులు చాలావరకు కళ్ళెదుటే ఉంటాయి. అర్థం వాటి వెనకాల నడిచొస్తుంది. రాకపోతే పోనీ, పని చూశాం కదా.

దీనికి సాధన మన దగ్గరే చేయొచ్చు. గుణుపురం దాటి పుట్టాసింగ్ వైపు వెళ్తే సవరల ఇళ్ళలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసిన ఇడితాల్ బొమ్మలుంటాయి. ఇంటివాళ్ళని అడిగి, సరేనంటేనే లోపలికెళ్ళండి. అవి గోడకి అందం కోసం వేసినవి కావు. పోయిన పెద్దల కోసమో, దేవతల కోసమో, జబ్బు తగ్గాలనో, పంట దక్కాలనో వేయించుకుంటారు. ఏనుగుల పక్కన సైకిలు, విమానం కూడా వేస్తారు. బాగుందా లేదా అన్న ప్రశ్న అక్కడ చెల్లదు. ఎవరి కోసం వేశారన్నదే చెల్లుతుంది. లండన్‌కైనా వెనిస్‌కైనా ఆ ప్రశ్న కూడా పట్టుకెళ్ళండి.

లండన్‌తో మొదలెట్టడం మేలు. అక్కడ పెద్ద మ్యూజియాల్లో మామూలు గ్యాలరీలకి టికెట్ లేదు. ప్రత్యేక ప్రదర్శనలకే డబ్బులు. టేట్ మోడ్రన్ ఒకప్పటి కరెంటు కేంద్రం. మూతపడిన దాన్ని స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మ్యూరాన్ మ్యూజియంగా మార్చారు. 2000లో తెరిచారు. మెషీన్లు తీసేసిన టర్బైన్ హాలుని అలాగే ఖాళీగా వదిలేశారు. పడమటి వైపు ర్యాంపు మీంచి దిగండి, ఆ ఎత్తు ఏమిటో మెడకి తెలుస్తుంది. ఇంక ఏ బొమ్మా చూడకపోయినా, బయటికొచ్చి వెనక 2016లో కట్టిన కొత్త భాగం చుట్టూ ఒకసారి నడవండి. దానికి 3,36,000 ఇటుకలు వాడారట. గోడ అంతా మనం మేడ మీద పిట్టగోడకి పెట్టించే జాలీ లాగే సందులు వదిలి పేర్చిన ఇటుకే. తేడా ఏమిటంటే గోడ మడతలు పడుతూ, వాలుతూ పైకి పోతుంది, అయినా వరస తప్పదు. నేను చాలాసేపు ఒక మూల దగ్గరే నిలబడి, రెండు వాలు గోడలు కలిసే చోట ఇటుకని ఎలా మళ్ళించారా అని చూశాను. మా ఆవిడ కాఫీ తాగి వచ్చింది, నేనింకా అక్కడే ఉన్నాను. చీకటి పడ్డాక వెళ్తే లోపలి వెలుతురు ఆ సందుల్లోంచి బయటికొస్తుంది.

అర్థం వెనకాల వస్తుందన్నాను కదా, దానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ కూడా ఆ హాల్లోదే. 2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా ఎల్ అనాట్సుయి చేసిన పెద్ద పెద్ద తెరలు అక్కడ వేలాడాయి. ఆయన ఘనాలో పుట్టి నైజీరియాలో స్థిరపడినవాడు. దూరం నుంచి బంగారు జరీ, ఎర్ర పట్టు. ఏ బరంపురం చీరో విప్పి ఆరేసినట్టుంది. దగ్గరికెళ్తే అంతా సారా సీసాల మూతలు! కొన్నిటిని అణగ్గొట్టారు, కొన్నిటిని చుట్ట చుట్టారు, కొన్నిటిని రింగులుగా కోశారు. ఒక్కోదానికి బెజ్జాలు పెట్టి రాగి తీగతో పక్కదానికి కట్టారు. ఎన్ని వేల ముడులో! సరే, మూతలే ఎందుకు? యూరప్ ఓడలు ఆఫ్రికాకి సారా తెచ్చి మనుషుల్ని కొనుక్కుపోయాయి. ఆ మనుషులు అమెరికా ద్వీపాల్లో చెరకు పండించారు. ఆ చెరకు మడ్డితో రమ్ము కాశారు. మూత దగ్గర మొదలెడితే అక్కడిదాకా వెళ్తాం. మొదటే గోడ మీది బోర్డు చదివితే ఇదంతా రెండు వాక్యాల్లో తెలిసిపోయి, ముడులు చూసే ఓపిక మిగలదు. కాబట్టి బోర్డు తర్వాత చదవండి.

వేసవిలో వెళ్తే కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో సర్పెంటైన్ పెవిలియన్ మానొద్దు. 2000 నుంచి దాదాపు ఏటా ఒక ఆర్కిటెక్టు చేత ఆ ఒక్క సీజన్‌కి ఒక మండపం కట్టిస్తున్నారు. లోపలికి ఉచితం, కూర్చోవచ్చు, టీ తాగొచ్చు. 2025లో కట్టింది ఢాకా ఆర్కిటెక్టు మరీనా తబస్సుమ్. ఢాకాలో ఇటుకతో ఆవిడ కట్టిన బైత్ ఉర్ రవూఫ్ మసీదుకి 2016లో ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. మన వానలూ మన మట్టీ తెలిసిన మనిషి.

ఇక ఆర్కిటెక్చర్ ప్రదర్శన అంటే చిక్కు వేరు. అక్కడ అసలు వస్తువు ఉండదు. భవనాన్ని తెచ్చి పెట్టలేరు కాబట్టి డ్రాయింగులు, మోడళ్ళు, ఫొటోలు, వీడియోలు పెడతారు. చాలామందికి పది నిమిషాల్లో విసుగొచ్చేది ఇక్కడే. ముందు ప్లాను జోలికి పోకండి, సెక్షన్ చూడండి. అంటే భవనాన్ని నిలువునా కోసి చూపించే బొమ్మ. మెట్లెక్కడున్నాయి, మనిషి తల మీద ఎంత జాగా ఉంది, వెలుతురు ఎటునుంచి పడుతుంది అన్నవి అందులోనే తెలుస్తాయి. మోడల్ దగ్గరైతే పైనుంచి చూడకండి, అలా చూసేది గద్దే. మోకాళ్ళు వంచి, కళ్ళని అందులోని వీధి మట్టానికి తెచ్చి చూడండి. చీమంత మనిషి బొమ్మ పెట్టి ఉంటుంది, వాడి పక్కన నిలబడ్డట్టు చూడాలి. అప్పుడు వాన నీళ్ళు ఎటు పోతాయి, వంటగది పొగ ఎటు పోతుంది అని వెతకండి. 2018లో తిత్లీ తుపాను చూసినవాళ్ళం, గాలికి ఈ కప్పు నిలుస్తుందా అని అడక్కుండా ఎలా ఉంటాం? మెరిసే కంప్యూటర్ బొమ్మలు తప్ప సెక్షన్ లేని ప్రదర్శనని నేను గబగబా దాటేస్తాను.

వెనిస్ బినాలే ఇందులో పెద్ద జాతర. కళా ప్రదర్శన 1895 నుంచి ఉంది, ఆర్కిటెక్చర్‌ది 1980లో మొదలైంది. ఇప్పుడు సరి సంవత్సరంలో కళ, బేసి సంవత్సరంలో ఆర్కిటెక్చర్. కోవిడ్ వల్ల 2020లోది 2021కి జరగడంతో వరస తారుమారైంది, పాత గైడు పుస్తకం నమ్మకండి. వసంతంలో మొదలై నవంబరు దాకా ఉంటుంది. మామూలుగా సోమవారం సెలవు. చోట్లు రెండు: జార్దీనీ అనే తోట, ఆర్సెనాలే అనే పాత ఓడల కార్ఖానా. ఒకే రోజులో రెండూ చూస్తామనుకోకండి. సాయంత్రానికి కాళ్ళు తప్ప ఇంకేం గుర్తుండవు. మామూలు టికెట్‌తో ఒక్కో చోటికి ఒక్కో రోజు వెళ్ళొచ్చు. ఊళ్ళో పాత మేడల్లో, చర్చిల్లో పెట్టిన చాలా దేశాల ప్రదర్శనలకి టికెట్టే ఉండదు. మేడ చూడ్డానికైనా లోపలికి దూరండి. గదులు వెనిస్ మున్సిపాలిటీ కిందికే వచ్చే మెస్త్రేలో తీసుకుంటే చవక, అక్కడినుంచి రైల్లో పది నిమిషాలు. 2024 నుంచి రద్దీ రోజుల్లో వెనిస్‌కి పగటిపూట వచ్చిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోల నుంచి ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. మెస్త్రేలో గది తీసుకున్నవాళ్ళకి అది లేదు గానీ, ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

జార్దీనీలో దాదాపు 30 దేశాలకి సొంత భవనాలున్నాయి. మన దేశానికి లేదు. ఒక్కటే చూసే తీరిక ఉంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ కలిసి కట్టుకున్న నార్డిక్ పెవిలియన్‌కి వెళ్ళండి. స్వెర్రె ఫెన్ గీసింది, 1962లో పూర్తయింది. స్లాబు లేదు. పలచటి కాంక్రీటు దూలాల్ని ఒక వరస ఇటు, దాని మీద ఇంకో వరస అటు అడ్డంగా పేర్చారు. ఇటలీ ఎండ వాటి మధ్య విరిగి, నీడ పడని మెత్తటి వెలుతురై కిందికి దిగుతుంది. స్థలంలో ఉన్న చెట్లని కొట్టకుండా కప్పులోంచి పైకి వదిలేశారు. ఒక మూల పెద్ద దూలం చెట్టు దగ్గరికొచ్చి రెండుగా చీలి, దాన్ని దాటుకుని పోతుంది. సెంట్రింగ్ చెక్క ముద్ర కాంక్రీటు మీద ఇప్పటికీ కనిపిస్తుంది. మా దగ్గర ఇంటివాస్తు పేరు చెప్పి మొదట కొట్టించేది చెట్టునే, అది వేరే గొడవ.

ఆర్సెనాలేలో తాళ్ళు పేనిన పాత షెడ్డు 300 మీటర్లు దాటిన పొడవు. ఆ స్తంభాల మధ్య నడుస్తూ సగం దూరంలో మా ఆవిడ ఆగిపోయింది. "ఏమండీ, ఈ కుర్చీ కూర్చోడానికా, చూడ్డానికా?" న్యాయమైన ప్రశ్న. ఇలాంటి చోట అక్కడ నిలబడ్డ సిబ్బందిని అడగడమే. నిజానికి వాళ్ళతో మాట కలపడం చాలా లాభం. చాలాచోట్ల ఆర్టు చదువుకునే పిల్లలే ఆ డ్యూటీ చేస్తుంటారు. "ఇది ఇక్కడికెలా తెచ్చారు, ఎన్ని రోజులు బిగించారు?" అని అడిగితే మొహం వెలిగిపోతుంది. బోర్డు మీద లేనివి చెప్తారు.

యూరప్ దాకా వెళ్ళక్కర్లేదు. మా వైపు నుంచి గల్ఫ్‌కి పనికి పోయినవాళ్ళు ఇంటికొకరున్నారు. అబుదాబీలో లూవ్ర్ మ్యూజియం 2017లో తెరిచారు, గీసింది జాన్ నువెల్. పైన 180 మీటర్ల అడ్డకొలత ఉన్న డోము. ఎనిమిది పొరల్లో 7,850 నక్షత్రాల్లాంటి చట్రాలు బిగించారు. వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద రాలి, పొద్దు వాలేకొద్దీ జరుగుతుంటుంది. నేను నేల చూస్తుంటే మా మేనల్లుడు పైకే చూశాడు. "మావయ్యా, స్తంభాలేవీ? దీన్ని మోసేదెవరు?" అంటూ చుట్టూ వెతకడం మొదలెట్టాడు. నాలుగే దిమ్మెలు, అవీ గదుల మధ్య దాచేశారు. కడుతున్నప్పుడు తాత్కాలిక టవర్ల మీద నిలిపి, తర్వాత ఆ దిమ్మెల మీదికి దించారు. సెంట్రింగ్ విప్పిన క్షణం ఎలా ఉంటుందో వాడికి తెలుసు. కళ గురించి రాసేవాళ్ళెవరూ ఆ మాట నాకు చెప్పలేదు. అక్కడా సోమవారమే సెలవు. షార్జాలో 1993 నుంచి రెండేళ్ళకోసారి జరిగే బినాలే ఉచితం. చలికాలం చివర మొదలవుతుంది కాబట్టి ఎండ బాధ కూడా తక్కువే.

విశాఖ నుంచి సింగపూర్‌కి పోయేవాళ్ళు మాక్స్‌వెల్ రోడ్డులో సింగపూర్ సిటీ గ్యాలరీ చూడండి. ఊరి నడిబొడ్డంతా ఒక పెద్ద మోడల్‌గా చేసి పెట్టారు. ఉచితం, ఆదివారం మాత్రం ఉండదు. పక్కనే తిండి దుకాణాలు.

మిగతావి చిల్లర సంగతులు. సెలవు రోజు ఊరిని బట్టి మారుతుంది, పారిస్ లూవ్ర్‌కి మంగళవారం. బయల్దేరే ముందు ఆ మ్యూజియం సైటులోనే చూసుకోండి. వీపు సంచిని ముందుకి తగిలించుకోమంటారు, లేదా లాకర్లో పెట్టమంటారు. వాదించకండి. ఫొటోకి ఫ్లాష్ వద్దు, సెల్ఫీ కర్ర అసలు తీయొద్దు. కొత్త బూట్లు కొనుక్కుని వెళ్ళొద్దు, ఇంటి దగ్గర అరిగినవే వేసుకోండి. వీడియో గదిలోకి వెళ్ళేముందు అది ఎన్ని నిమిషాలో బోర్డు మీద చూడండి. 90 నిమిషాలని ఉంటే మనసు గట్టి చేసుకునైనా వెళ్ళండి, లేదా వదిలేయండి. పెద్ద క్యాటలాగులు కొనకండి. ఒక్కోటి రెండు కిలోలు తూగుతుంది, సూట్‌కేసులో 23 కిలోల లెక్క అక్కడే తప్పుతుంది. గుమ్మం దగ్గర ఉచితంగా ఇచ్చే మడత కాగితం చాలు. దాని వెనక తెల్లజాగాలో నేను ఏదో ఒక జాయింటు గీసుకుని, కొలతలు రాసుకుంటాను. కొన్ని గ్యాలరీల్లో పెన్ను పట్టనివ్వరు, పెన్సిల్ దగ్గరుంచుకోండి.