గోడవార మనిషెత్తు పూలు: విశాఖలో దుంపమొక్కల పెంపకం

ప్రహరీ గోడ వారన ఎత్తైన పూలమొక్కలు కావాలని నర్సరీకి వెళ్లినవాళ్లు సాధారణంగా అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న కవరు మొక్కనే బేరమాడతారు. పొరపాటంతా అక్కడే. మెట్టతామర (కానా), హెలికోనియా, అల్లం జాతికి చెందిన ఆల్పీనియా మూడూ దుంపమొక్కలు. పైన కనిపించే కాడ ఒకసారి పూసి ఎండిపోయేదే. ఏళ్ల తరబడి బతికేది మట్టిలోని దుంప. నాలుగడుగుల ఒంటికాడ మొక్క కంటే, అడుగున్నరే ఉన్నా నాలుగైదు పిలకలున్న మొక్క ఏడాది తిరిగేసరికి ముందుంటుంది. యూట్యూబ్‌లో ఊరించే డెల్ఫీనియం, లూపిన్ జోలికి మాత్రం పోకండి. వాటికి గట్టి చలి కావాలి. మన డిసెంబరు వాటి లెక్కలో చలే కాదు.

ఏ మొక్క అన్నది సముద్రం ఎంత దూరమో చూసి తేల్చాలి. రుషికొండ, భీమిలి వైపు, బీచ్ రోడ్డుకు ఒకటి రెండు వీధుల్లో ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి హెలికోనియా ఆకుల అంచులు మాడిపోయి, ఆకు పేలికలవుతుంది. అక్కడ గాలి వచ్చే వైపు వట్టివేరు, క్రైనం లిల్లీ పెట్టండి. క్రైనం ఇసుకతీరాల్లో తనంతట తానే పెరిగే జాతి. వట్టివేరు అయిదారడుగులు లేచాక దాని చాటున మెట్టతామర నిలదొక్కుకుంటుంది. పెందుర్తి, గోపాలపట్నం వంటి లోపలి ప్రాంతాల్లో ఈ బెడద తక్కువ. మెట్టతామరకు ఆరు గంటల ఎండ ఉండాలి. హెలికోనియాకు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ బాగా నచ్చుతాయి కాబట్టి ఇంటికి తూర్పు పక్క దానికి వదిలేయండి.

కొనేటప్పుడు ‘హెలికోనియా కావాలి’ అంటే సరిపోదు. వేలాడే పువ్వా, నిలబడే పువ్వా అని అడగండి. వేలాడేది రోస్ట్రాటా, ఆరేడడుగులు పెరుగుతుంది, వెనక వరుసకు అదే. నిలబడే చిన్న పువ్వు సిట్టకోరం, నడుము ఎత్తే, మధ్య వరుసకు సరిపోతుంది. కవరు ఎత్తి అడుగు చూడండి: రంధ్రాల్లోంచి తెల్ల వేర్లు తొంగిచూస్తే మంచిది. మొదలు దగ్గర వేలితో కాస్త మట్టి తీసి దుంపను నొక్కండి. మెత్తగా దిగబడినా, పుల్లటి కుళ్లు వాసన వచ్చినా వదిలేయండి. ఆకు ఈనెల వెంట పసుపు చారలున్న మెట్టతామర అసలు వద్దు. అది వైరస్ కావచ్చు. దుంపతో పాటే వస్తుంది, మందు లేదు.

ఎక్కువ రకాలు కావాలంటే రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీలున్నాయి. తెచ్చేది ఓపెన్ ఆటోలోనో ట్రక్కులోనో అయితే ఆకులు సగానికి కత్తిరించి, కట్టలు కట్టించండి. దారిపొడవునా హైవే గాలికి ఆకులు ఎండిపోతాయి. అంతకన్నా తేలిక దారి ఒకటుంది. మెట్టతామర గుబురు రెండు మూడేళ్లకు ఎలాగూ విడదీయాల్సిందే, కాబట్టి జూన్‌లో తెలిసినవాళ్లను అడిగితే ఊరికే ఇస్తారు.

మడి సంగతికొస్తే, 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అనుకుందాం. గోడకు అడుగున్నర వదలండి. గోడ మొదట్లో ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, సున్నం ఉంటాయి. ఆ మట్టిలో హెలికోనియాకు ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులు పసుపెక్కుతాయి. అడుగుంబావు లోతు తవ్వి పెళ్లలు ఏరేసి, మాగిన గెత్తం (పశువుల ఎరువు) రెండంగుళాల మందాన పరిచి కలపండి. ఈ మడికి పది, పదకొండు సిమెంటు బస్తాలు పడుతుంది. పచ్చి గెత్తం వేస్తే ఆ వేడికి వేర్లు మాడతాయి, చెదలు పడతాయి. నాటేముందు అడుగు లోతు గుంట తీసి బకెట్ నీళ్లు పొయ్యండి. పొద్దున పోసినవి సాయంత్రానికీ ఇంకకపోతే మడిని అరడుగు ఎత్తు చెయ్యాలి, లేకపోతే వానాకాలంలో దుంపకుళ్లు తప్పదు.

నాటడం జూన్ రెండో సగం నుంచి జూలైలోగా. మెట్టతామర దుంపను ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్లు ఉండేలా కోసి, ఒకరోజు నీడలో ఆరనిచ్చి, కళ్లు పైకి ఉండేలా మూడు నాలుగంగుళాల లోతున, అడుగున్నర ఎడంగా పెట్టండి. హెలికోనియాకు లోతు పనికిరాదు, దుంపపైన రెండంగుళాల మట్టి చాలు. కాడను అరడుగుకు కోసి, దుంప కడిగి, లీటరుకు 2 గ్రాముల మాంకోజెబ్ (శిలీంద్రాల మందు) కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి నాటండి. రోస్ట్రాటాకు మూడడుగుల ఎడం ఇవ్వాలి. మొదటి ఏడాది బోసిగా కనబడుతుంది, ఆ ఖాళీల్లో బంతి వేసుకోండి. తొందరపడి ఒత్తుగా నాటితే రెండో ఏడాదికి గాలి ఆడక పిండినల్లి పడుతుంది.

మెట్టతామర కొత్త ఆకు విచ్చుకోకుండా చుట్టలాగే ఉండిపోయిందంటే లోపల పురుగుంది. చుట్ట విప్పి చూడండి: ఆకు అంచులు సన్నటి దారంతో కుట్టేసి ఉంటాయి, మధ్యలో ఆకుపచ్చ గొంగళి, నల్లటి రెట్ట. చేత్తో ఏరెయ్యడమే అసలైన మందు. ఎక్కువైతే బీటీ పొడి (గొంగళి పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) ప్యాకెట్ మీది మోతాదులో సాయంత్రం పూట కొట్టండి, ఎండలో దాని బలం పోతుంది.

హెలికోనియా పూయడం లేదని పిలకలన్నీ నరికేసేవాళ్లున్నారు. పూసేది తగినన్ని ఆకులు వేసి ముదిరిన కాడే. లేత కాడలు కోస్తే పువ్వు ఇంకా దూరమవుతుంది. పూత అయిపోయిన కాడను మాత్రం నేలమట్టానికి తియ్యండి. ఏప్రిల్, మే నెలల్లో రోజు విడిచి రోజు నీళ్లు, మూడంగుళాల ఎండాకు కప్పు. కొబ్బరిపొట్టు వాడితే ముందు రెండుసార్లు కడగండి, అందులో ఉప్పుంటుంది.

ఇక అక్టోబరు. మెట్టతామర కాడలు బాగా లేచే నెలా, తుఫాన్ల నెలా అదే; హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. తుఫాను హెచ్చరిక రాగానే పొడుగు కాడలను మోకాలెత్తుకు కోసెయ్యండి. వదిలేస్తే గాలికి ఊగి దుంపతో సహా పెకిలించుకు వస్తాయి. గాలి తగ్గిన రోజే మిగిలిన ఆకులను మంచినీళ్లతో కడిగితే ఉప్పు వదులుతుంది. దుంప కదలకపోతే కోసిన మొదళ్ల పక్కనుంచి కొత్త పిలకలు వాటంతటవే లేస్తాయి.