సీరో సర్వే నేర్చుకుందాం - 3: ఆ అరవైలో అసలువెన్ని?

ఎంతమందికి వైరస్ సోకిందో వాళ్ల రక్తంలోని యాంటీబాడీలను (వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రోటీన్లను) బట్టి తేల్చేదే సీరో సర్వే. డెంగీ కోసం మనం చేస్తున్న సర్వేలో, కిందటి భాగంలో ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకుని, వెయ్యి మంది దగ్గర రక్తం తీసుకున్నాం. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరుచేసి డెంగీ ఐజీజీ ఎలైసాకు పంపాం. ఎలైసా అంటే యాంటీబాడీలను పట్టే ల్యాబ్ పరీక్ష; ఐజీజీ, ఐజీఎం రెండు రకాల యాంటీబాడీలు. ఐజీఎం ఎందుకు కాదంటే, అది రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది. ఐజీజీ ఏళ్ల తరబడి ఉంటుంది. డెంగీ సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు కాబట్టి, "మీకెప్పుడైనా వచ్చిందా?" అని అడిగితే తేలే విషయం కాదిది.

ల్యాబ్ షీటు వచ్చింది. 60 మంది పాజిటివ్. 6 శాతం అని రాసేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి.

మన కిట్ సెన్సిటివిటీ 90 శాతం, స్పెసిఫిసిటీ 95 శాతం అనుకుందాం. అంటే వైరస్ సోకిన వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది, సోకని వందమందిలో ఐదుగురిని ఉత్తపుణ్యానికి పాజిటివ్ అంటుంది. ఆ ఐదుగురే మన కొంప ముంచేది. వెయ్యి మందిలో ఒక్కరికీ సోకకపోయినా, ఈ కిట్ దాదాపు 50 మందిని చూపిస్తుంది! దిద్దుబాటు లెక్క ఇదీ:

అసలు వాటా = (కనిపించిన వాటా + స్పెసిఫిసిటీ − 1) ÷ (సెన్సిటివిటీ + స్పెసిఫిసిటీ − 1)

(0.06 + 0.95 − 1) ÷ (0.90 + 0.95 − 1) = 0.01 ÷ 0.85. సుమారు 1.2 శాతం. 60 మంది కాస్తా 12 మంది అయ్యారు. అదే 180 మంది పాజిటివ్ వస్తే? 18 శాతం 15.3కి దిగుతుంది, అంతే. వైరస్ తక్కువగా తిరిగిన చోటే ఈ లెక్క ఎక్కువ ఏడిపిస్తుంది.

ఆ 95 ఎక్కడిదని కూడా అడగాలి. డెంగీ, జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఎల్లో ఫీవర్ వైరస్‌లన్నీ ఒకే కుటుంబం. ఒకదానికి పుట్టిన యాంటీబాడీ ఇంకోదాని ఎలైసాలోనూ అతుక్కుంటుంది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నా ఇదే తంటా. (చికున్‌గున్యా వేరే కుటుంబం, దీనితో ఆ గొడవ లేదు.) ఇవేవీ లేని చోటి రక్తంతో తేల్చిన అంకె, ఇవన్నీ తిరిగే చోట నిలబడదు. అందుకే కిట్ డబ్బా మీది అంకెను నేనైతే ఉన్నదున్నట్టు వాడను. కొన్ని నమూనాలను న్యూట్రలైజేషన్ పరీక్షకు పంపుతాను. అందులో బతికున్న వైరస్‌ను సీరంతో కలిపి కణాల మీద పోసి, వైరస్ కణాలను చంపిన చోట పడే మచ్చలు ఎన్ని తగ్గాయో లెక్కపెడతారు. రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే, అందుకే అన్నిటికీ చేయలేం.

ఇంటిపని: ఇదే కిట్‌తో వెయ్యిలో 40 మందే పాజిటివ్ వచ్చారనుకుని లెక్క కట్టండి. జవాబు సున్నా కంటే కిందికి పోతుంది. తప్పు మీ లెక్కలో లేదు. మరెక్కడుందో ఆలోచించి ఉంచండి, నాలుగో భాగం అక్కడి నుంచే.