తాతయ్య ఇచ్చిన ఎలక్ట్రిక్ గిటార్: విశాఖ ఉప్పుగాలిలో దాన్ని బాగుచేసుకోవడం, కాపాడుకోవడం

గిటార్ ఇంటికి రాగానే పెట్టె తెరవకండి. విమానంలోనో, ఏసీ బోగీలోనో వచ్చిన వాద్యం చల్లగా ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో ఒక్కసారిగా మూత తీస్తే లోహపు భాగాలన్నిటి మీదా నీరు పడుతుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్ వేసిన పాత గిటార్ అయితే వేడి మార్పుకి పైపూత మీద వెంట్రుకవాసి పగుళ్లు కూడా రావచ్చు. పెట్టెను మూసే ఉంచి, మంచం మీదో బల్ల మీదో ఒక రోజంతా వదిలెయ్యండి.

ఆ రోజు తాతయ్య దగ్గర కూర్చోండి. ఏ సంవత్సరంలో కొన్నారు, ఎక్కడ కొన్నారు, చివరిసారి ఏ సైజు స్ట్రింగ్స్ వేశారు, ఎప్పుడైనా కింద పడిందా, తల దగ్గర అతికించారా, పికప్‌లు (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలు) గానీ ట్యూనింగ్ కీలు గానీ మార్చారా అని అడిగి, ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. అసలు బిల్లు, పెట్టె తాళం, ట్రెమొలో కడ్డీ (స్వరాన్ని ఊపడానికి పట్టుకునేది), చిన్న ఎలెన్ కీలు (ఆరు పలకల కీలు) ఏ బీరువా సొరుగులోనో ఉంటాయి. వాటిని అప్పుడే వెతికించండి. ఈ సమాచారం సీరియల్ నంబరు ఇవ్వదు.

సీరియల్ నంబరు ఫొటో కూడా తీసుకోండి. ఫెండర్‌కి తల మీదో, మెడ వెనక బిగించిన లోహపు పలక మీదో ఉంటుంది. గిబ్సన్‌కి తల వెనక ఉంటుంది. పేరు అక్షరం అక్షరం చూసి చదవండి: కోల్‌కతాలో తయారైన గివ్‌సన్ వేరు, అమెరికా గిబ్సన్ వేరు. పాత అమెరికన్ గిటార్ వయసు మీద అనుమానం ఉంటే వాల్యూమ్, టోన్ పాట్‌ల (నాబ్‌ల కింద తిరిగే భాగాల) వెనక ముద్రించిన అంకెలు చూడండి. 1377633 అని ఉంటే 137 ఆ పాట్ తయారుచేసిన సీటీఎస్ కంపెనీ గుర్తు, 76 అంటే 1976, 33 అంటే ఆ ఏడు 33వ వారం. ఆ పాట్ తర్వాత మార్చింది కాకపోతే, గిటార్ అంతకన్నా ముందుది కాదని తేలుతుంది.

ఇంకొకటి. రంగు పోయిన చోట రంగు వేయించడం, గీతలు గరుకు కాగితంతో రుద్దడం, బంగారు పూత పోయిన స్క్రూలు పారేసి కొత్తవి వేయడం, ఇవేవీ చెయ్యకండి. పాత వాద్యానికి అసలు పూత పోతే విలువ బాగా పడిపోతుంది. పైగా ఆ అరుగుదల తాతయ్య చేతి గుర్తు. మార్చక తప్పని భాగం ఏదైనా ఉంటే, తీసిన పాతదాన్ని జిప్ కవర్‌లో వేసి, పేరు రాసి పెట్టెలోనే ఉంచండి.

చెమ్మ, ఉప్పు

ఇంటర్నెట్‌లో చదివే సలహాల్లో చాలావాటిని ఇక్కడ తిప్పి చదువుకోవాలి. గిటార్ పెట్టెలో తడి స్పాంజి లాంటి హ్యుమిడిఫయర్ పెట్టమంటారు. చలికాలం హీటర్లు వేసుకుని ఇంట్లో గాలి ఎండిపోయే దేశాల కోసం రాసిన మాట అది. గిటార్‌కి నప్పే తేమ 45 నుంచి 55 శాతం. విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం బయట 70 దాటే ఉంటుంది. ఇక్కడ పెట్టెలో నీళ్లు పెడితే తుప్పునీ బూజునీ పిలిచి పీట వేసినట్టే.

తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్, చెమ్మని పీల్చే నారింజ రంగు సిలికా జెల్ ఒక 100 గ్రాములు కొనండి. జెల్‌ని గుడ్డ సంచిలో పోసి పెట్టెలో తల కింది ఖాళీలో పెట్టండి. జెల్ ముదురు ఆకుపచ్చకి తిరిగితే నిండిపోయిందని అర్థం. 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ నారింజకి వస్తుంది. తేమ 40 కంటే దిగిపోతే సంచి తీసెయ్యండి, ఏసీ రోజంతా నడిచే గదిలో అలా జరగవచ్చు. పెట్టెను ఏసీ గాలి నేరుగా తగిలే చోటా, బయటి గోడకి ఆనించీ పెట్టొద్దు.

జెల్ చెమ్మని పీలుస్తుంది కానీ ఉప్పుని ఏమీ చెయ్యలేదు. సముద్రపు గాలిలోని ఉప్పు లోహం మీద చేరి, తనే తేమని లాక్కుంటుంది. క్రోమ్ పూతలో సూది మొనంత రంధ్రం ఉన్నా దాని కింద తుప్పు మొదలవుతుంది. లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు వైపు ఇళ్లలో ఇది త్వరగా కనిపిస్తుంది. పెందుర్తి వైపు చెమ్మ ఉన్నా ఉప్పు తక్కువ. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో స్ట్రింగ్స్‌ని పైనా కిందా, ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జినీ, చెయ్యి ఆనే చోటునీ తుడవాలి. చాలాసార్లు ఉతికిన నూలు పంచె ముక్కకి మించింది లేదు.

రబ్బరు, ఫోమ్ ఉన్న స్టాండ్ మీద నైట్రో పూత గిటార్‌ని వదలకండి. ఆ రబ్బరులోని రసాయనాలు పూతను మెత్తబరిచి మచ్చ పెడతాయి. వినైల్ పట్టీని గిటార్ మీద చుట్టి పెట్టెలో పెట్టినా ఇదే జరుగుతుంది. పాలిస్టర్ పూతకి ఈ బెడద తక్కువ, కానీ మీది ఏ పూతో తెలిసేదాకా స్టాండ్ తగిలే చోట నూలు గుడ్డ చుట్టండి.

శుభ్రం చేయడం

పాత స్ట్రింగ్స్ తీసేముందు బ్రిడ్జి చూడండి. స్ట్రాటోకాస్టర్ లాంటి కదిలే ట్రెమొలో ఉంటే, అన్నీ ఒకేసారి విప్పితే వెనక స్ప్రింగులు బ్రిడ్జిని లోపలికి లాగేస్తాయి. వెనక మూత తీసి, లోపలి ఇనుప దిమ్మకీ చెక్కకీ మధ్య సరిపడే చెక్కముక్క దూర్చి అప్పుడు విప్పండి.

ఫ్రెట్స్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. చెక్క మీద మాస్కింగ్ టేపు అంటించి ఫ్రెట్ మాత్రమే బయటికి కనిపించేలా చేసి, బ్రాసో చిన్న చుక్క నూలు గుడ్డకి తీసుకుని రుద్దండి. స్టీల్ ఊల్ వాడొద్దు. దాని పొడిని పికప్‌లలోని అయస్కాంతాలు లాగేసుకుంటాయి, ఈ ఊళ్లో ఆ పొడి వారం తిరక్కుండా ఎర్రగా తుప్పు పడుతుంది. ఫ్రెట్స్ దిగేసిన చెక్క పలక రోజ్‌వుడ్‌దో, ఎబొనీదో అయితే మూడు నాలుగు చుక్కల మినరల్ ఆయిల్ రాసి అయిదు నిమిషాల్లో పూర్తిగా తుడిచెయ్యాలి. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దే వద్దు, అవి కొన్నాళ్లకి ముక్కి జిగురవుతాయి. లాకర్ వేసిన మేపుల్ పలకకి నూనె అక్కర్లేదు, తడి పిండేసిన గుడ్డ చాలు.

టేపు తీశాక ఫ్రెట్స్‌ని వెలుతురికి ఎదురుగా పెట్టి చూడండి. మొదటి మూడు ఫ్రెట్స్ మీద సన్న తీగల కింద గుంటలు ఉంటే తాతయ్య ఎక్కువగా ఓపెన్ కార్డ్స్ (కొన్ని తీగల్ని నొక్కకుండా వదిలి వాయించేవి) వాయించారన్నమాట. గుంటలు లోతుగా ఉంటే ఫ్రెట్స్ సమం చేయించాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

బ్రిడ్జి మీద చిన్న స్క్రూలు బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించకండి. తుప్పు వదిలించే నూనెను టూత్‌పిక్ కొనతో ఒక్క చుక్క పెట్టి, రాత్రంతా వదిలి, ఉదయం ప్రయత్నించండి. స్ప్రే నేరుగా కొడితే చెక్కలోకి దిగుతుంది.

స్ట్రింగ్స్, సెటప్

తాతయ్య వేసిన సైజే మొదట వెయ్యండి. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్‌కి 10-46 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ, లావు తీగ మందం) మొత్తం సుమారు 47 కిలోల బరువుతో మెడని లాగుతుంది, 9-42 అయితే సుమారు 38. సైజు మారితే మెడ వంపు, ట్రెమొలో తూకం అన్నీ మారిపోతాయి. గమకాలు వాయించే ఉద్దేశం ఉంటే మాత్రం సన్నవి మేలు, తీగ లాగడం తేలిక. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టారు. ఆ దారి గిటార్‌కీ ఉంది.

సెటప్‌కి ఒక వరస ఉంది: ట్యూనింగ్, మెడ వంపు, యాక్షన్ (తీగ ఎత్తు), ఇంటొనేషన్ (మెడ పొడుగునా శ్రుతి సరిపోవడం), పికప్ ఎత్తు. ముందుది మారితే తర్వాతివన్నీ మారతాయి కాబట్టి వరస తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది.

మెడ వంపు కొలవడానికి బైక్ స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే ఫీలర్ గేజ్ చాలు. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, మెడ ఒంటితో కలిసే చోట లావు తీగని నొక్కి పట్టుకుని, ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు కొలవండి. 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే తీగలు కొంచెం వదులు చేసి ట్రస్ రాడ్‌ని (మెడ లోపల ఉండే లోహపు కడ్డీని) కుడివైపు ఎనిమిదో వంతు చుట్టు తిప్పండి, సందే లేకపోతే ఎడమవైపు. మళ్లీ ట్యూన్ చేసి, కొలిచి, మర్నాడు ఇంకోసారి కొలవండి. తిరగకపోతే ఆగిపోండి. రాడ్ తెగితే బాగుచేయించడం చాలా కష్టం.

ఇక్కడ ఎక్కువగా పాడయ్యేది రాడ్ కాదు, దాని తల. అమెరికన్ గిటార్లకి అంగుళాల కీలు కావాలి. 3/16 అంగుళం అంటే 4.76 మిల్లీమీటర్లు: మన 5 మి.మీ. కీ దూరదు, 4.5 వదులై మూలలు అరగదీస్తుంది. 1/8 అంగుళం 3.175, అందులో 3 మి.మీ. కీ జారిపోతుంది. అంగుళాల సెట్ విడిగా కొనండి. కొన్ని పాత ఫెండర్లకి రాడ్ తల ఒంటి వైపు ఉంటుంది, మెడ విప్పితే గానీ అందదు. అలాంటిది చేయి తిరిగినవాళ్లకి ఇవ్వండి.

యాక్షన్ అంటే 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు. లావు తీగకి 2 మి.మీ., సన్నదానికి 1.6 దగ్గర మొదలుపెట్టండి. గిబ్సన్ తరహాలో సన్నది 1.2 దాకా దించవచ్చు. గరగర వస్తే పావు మిల్లీమీటరు పైకి.

ఇంటొనేషన్‌కి ట్యూనర్ పెట్టి 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) వినండి, తర్వాత అక్కడే నొక్కి వాయించండి. నొక్కినది ఎక్కువ శ్రుతి చూపిస్తే శాడిల్ (బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువైతే ముందుకి. తుప్పు పట్టిన తీగల మీద ఈ పని చెయ్యకండి, వాటి శ్రుతి ఎప్పటికీ కుదరదు.

చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే తీగకీ పికప్‌కీ మధ్య సింగిల్ కాయిల్‌కి (ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌కి) 2 మి.మీ. పైనే ఉండనివ్వండి. దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి, ఒకే స్వరం రెండుగా ఊగుతుంది.

ఈ ఊళ్లో తేమ ఋతువుతో మారుతుంది కాబట్టి జూన్‌లోనూ, డిసెంబర్‌లోనూ మెడ వంపు మళ్లీ కొలవండి. మెడ ఎటు కదిలిందో కొలత చెబుతుంది.

కరెంటు

నాబ్ తిప్పితే కరకరలాడితే దుమ్ము. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ పాట్ సందులోంచి ఒక్కసారి కొట్టి, నాబ్‌ని ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. శబ్దం వచ్చి పోతుంటే ముందు జాక్ (కేబుల్ దూర్చే చోటు) చూడండి. లోపలి రేకు మీద చిలుము పట్టడం తీరం ఊళ్లలో మామూలే. జాక్ నట్ బిగించేటప్పుడు లోపలి భాగాన్ని కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే వైర్లు మెలితిరిగి తెగుతాయి.

తీగల మీద చెయ్యి వెయ్యగానే హమ్ తగ్గితే అది మామూలే. చెయ్యి వేస్తే జిల్లుమంటే వెంటనే ప్లగ్ తీసి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించండి. మూడో పిన్ను విరిచి వాడటం ప్రాణాల మీదకి తెస్తుంది.

తాతయ్య అమెరికా నుంచి ఆంప్ (గిటార్ శబ్దం పెంచే యాంప్లిఫయర్) కూడా తెచ్చి ఉంటే అది 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. వెనక రాసిన వాట్లకి కనీసం ఒకటిన్నర రెట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. వాల్వు ఆంప్ అయితే ఏళ్ల తరబడి మూలన ఉన్నాక ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటుని నిలవ ఉంచే భాగాలు) తెలిసినవాళ్లకి చూపించకుండా ఆన్ చెయ్యొద్దు. ప్లగ్ తీసినా వాటిలో 400 వోల్టుల దాకా నిలవ ఉండవచ్చు, మూత మీరు తెరవకండి.

అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను హెచ్చరిక వస్తే గిటార్‌ని కొత్త సిలికా జెల్‌తో పెట్టెలో పెట్టి, కిటికీకి దూరంగా లోపలి గదిలో, నేలకి ఎత్తుగా ఉంచండి. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఏసీ లేని ఆ రోజుల్లో పెట్టె మూత అస్తమానూ తీసి చూడకండి. ఆంప్ ప్లగ్ ముందే తీసేసి, కరెంటు తిరిగొచ్చి వోల్టేజి నిలకడగా ఉన్న తర్వాతే మళ్లీ పెట్టండి.