బ్రెయిన్ మ్యాప్‌లో ఉత్తుత్తి చుక్కలు ఎలా పోయాయంటే

మెదడు స్కాన్‌లో లక్ష వోక్సెళ్లు (స్కాన్‌లోని చిన్న చిన్న 3డీ ఘనాలు) ఉంటే, ఒక్కోదానికి పి-విలువ (ప్రభావం లేకపోయినా యాదృచ్ఛికంగా అలాంటి ఫలితం వచ్చే అవకాశం) హద్దు 0.001 పెట్టినా, అసలు ఏ ప్రభావమూ లేకుండానే సుమారు 100 వెలుగుతాయి. గ్రూపులను పోల్చిన మా మ్యాప్ నిండా అలాంటి చుక్కలే. బాన్‌ఫెరోని (హద్దుని పరీక్షల సంఖ్యతో భాగించే సవరణ) పెడితే అన్నీ మాయం. పక్కపక్క వోక్సెళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అది మరీ కఠినం. క్లస్టర్ పద్ధతిలో (పక్కపక్కనే వెలిగిన వోక్సెళ్ల గుంపు ఎంత పెద్దదో చూసేది) 0.01 లాంటి వదులు హద్దుతో తప్పుడు ఫలితాలు పెరుగుతాయని 2016లో ఎక్‌లుండ్ బృందం చూపించింది.

అందుకే పర్ముటేషన్‌కి (లేబుళ్లను మళ్లీ మళ్లీ తారుమారు చేసి చూసే పరీక్షకి) మారాను. ఎఫ్ఎస్ఎల్ అనే మెదడు స్కాన్ల సాఫ్ట్‌వేర్‌లోని రాండమైజ్ ప్రోగ్రామ్, టీఎఫ్‌సీఈతో (ముందే హద్దు పెట్టకుండా, చుట్టుపక్కల వోక్సెళ్ల మద్దతున్న చోట్లకి బలమిచ్చే పద్ధతి), 5000 పర్ముటేషన్లు. ఎవరు ఏ గ్రూప్ అనే లేబుళ్లను తారుమారు చేసిన ప్రతిసారీ మెదడు మొత్తంలో అతిపెద్ద విలువను అది దాచుకుంటుంది. అసలు మ్యాప్‌ని వాటితోనే పోలుస్తుంది. టైమ్ బాగా పడుతుంది, పట్టనివ్వండి.

ఒక్క మాట: ఫలితాల్లో 'కార్‌ప్' (corrp, అంటే సవరించిన పి) అని ఉన్న ఫైలే చూడండి. అందులో ఉండేది 1 మైనస్ పి, కాబట్టి హద్దు 0.95. మాకు రెండు క్లస్టర్లు గట్టిగా నిలబడ్డాయి.