ఐసోథర్మ్ లెక్కల్లో వేడి లెక్క తేల్చడం ఎలా

ఇంటర్ ఫస్టియర్‌లో థర్మోడైనమిక్స్ మొదలవగానే ఒంగోలులో అయినా కావలిలో అయినా పిల్లలు అడిగేది ఒకటే: "టెంపరేచర్ మారలేదు కదా సార్, మరి వేడి ఎందుకు ఇవ్వాలి?" వ్యాకోచించే వాయువు పని చేస్తుంది. ఆ పనికి కావల్సిన శక్తి తన లోపల్నుంచే తీసుకుంటే చల్లబడిపోతుంది, చల్లబడలేదంటే బయట్నుంచి వేడి అందుతున్నట్టే. టెంపరేచర్ మారకుండా జరిగే మార్పుని ఐసోథర్మల్ అంటారు, అందులో టెంపరేచర్ నిలబడేదే ఆ వేడి వల్ల. వేడి రాకపోకలు పూర్తిగా ఆపేస్తే అది అడియాబాటిక్, టెంపరేచర్ మారేది అందులో.

చీమకుర్తి క్వారీల్లో డ్రిల్లింగుకి గాలినిచ్చే కంప్రెసర్లు చూసే ఉంటారు. గాలిని గబగబా నొక్కితే వేడి బయటికి పోయే టైం ఉండదు, కాబట్టి అది అడియాబాటిక్‌కి దగ్గరగా నడిచి బాగా వేడెక్కుతుంది. అందుకే రెండు స్టేజీల కంప్రెసర్లలో మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి గాలిని చల్లారుస్తారు, ఐసోథర్మ్‌కి, అంటే టెంపరేచర్ మారని గీతకి, ఎంత దగ్గరైతే నొక్కడానికి అంత తక్కువ పని సరిపోతుంది.

ఇక లెక్క దగ్గరికి. పీడనం-ఘనపరిమాణం గ్రాఫ్ ఇస్తే ఫార్ములా కోసం వెతకొద్దు, ముందు ప్రతి మూల దగ్గరా పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించండి. ఆదర్శ వాయువుకి ఆ లబ్ధం సమానమైన బిందువులన్నీ ఒకే ఐసోథర్మ్ మీద ఉంటాయి, లబ్ధం పెరిగితే టెంపరేచర్ పెరిగినట్టు. మొదలూ చివరా ఒకే ఐసోథర్మ్ మీద ఉంటే, మధ్యలో దారి ఎటు తిరిగినా అంతర్గత శక్తి మార్పు సున్నా, మొత్తం వేడి మొత్తం పనికి సమానం. ఇక పని కనుక్కుంటే చాలు, అది గీత కింద వైశాల్యం.

300 కెల్విన్ దగ్గర 2 మోల్స్ వాయువు 10 లీటర్ల నుంచి 20 లీటర్లకి వెళ్లి, చివర్లో మళ్లీ 300 కెల్విన్ దగ్గరే ఉందనుకోండి. ఐసోథర్మ్ వెంబడే వెళ్తే పని ఎన్ఆర్‌టీ (మోల్స్, వాయు స్థిరాంకం, కెల్విన్ టెంపరేచర్ల లబ్ధం) ఇంటూ సహజ లాగ్ 2, అంటే సుమారు 3458 జౌళ్లు. పీడనం మార్చకుండా 20 లీటర్ల దాకా సాగదీసి తర్వాత అదే ఘనపరిమాణంలో చల్లబరిస్తే 4988. ముందు చల్లబరిచి ఆ తర్వాత సాగదీస్తే 2494. చివరలు అవే, టెంపరేచర్లు అవే, వేడి మాత్రం మూడు రకాలు! "ఐసోథర్మల్‌గా" అని ప్రశ్నలో ఉంటేనే లాగ్ ఫార్ములా, చివరలు కలిశాయని గుడ్డిగా వాడేశారో మార్కు పోయినట్టే.

ఇప్పుడు అవే రెండు బిందువుల్ని సరళరేఖతో కలపండి, నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. పని 3741 జౌళ్లు. రేఖ ఐసోథర్మ్ కంటే పైన పోతుంది కాబట్టి టెంపరేచర్ ముందు పెరిగి, 15 లీటర్ల దగ్గర 337.5 కెల్విన్ తాకి, మళ్లీ 300కి దిగుతుంది. దిగుతోంది కాబట్టి వేడి బయటికి పోతోందని చాలామంది రాసేస్తారు. ఏకపరమాణుక వాయువైతే 18.75 లీటర్ల దాకా వేడి లోపలికే వస్తుంది. ఎందుకంటే 15 నుంచి 18.75 లీటర్ల మధ్య వాయువు చేసే పని వచ్చే వేడి కంటే ఎక్కువ, తక్కువైనంత మేర అంతర్గత శక్తి నుంచి పోతుంది, అందుకే చల్లబడుతుంది. వేడి దిశ మారేది సరళరేఖ అడియాబాట్‌ని, అంటే అడియాబాటిక్ మార్పు గీతని, తాకిన చోట. ఏ బిందువు దగ్గరైనా అడియాబాట్ ఐసోథర్మ్ కంటే గామా రెట్లు ఏటవాలు, గామా అంటే స్థిర పీడన, స్థిర ఘనపరిమాణ విశిష్టోష్ణాల నిష్పత్తి, ఈ వాయువుకి అది 5/3. టెంపరేచర్ అడిగితే ఐసోథర్మ్‌తో పోల్చండి, వేడి అడిగితే అడియాబాట్‌తో.

ఇన్సులేట్ చేసిన పాత్రలో వాయువు శూన్యంలోకి విస్తరిస్తే పనీ సున్నా, వేడీ సున్నా, ఆదర్శ వాయువుకి టెంపరేచరూ మారదు. అలాగని దాన్ని ఐసోథర్మ్‌గా గీసి కింద వైశాల్యం కడితే తప్పు, మధ్యలో సమతాస్థితే లేదు కాబట్టి గీయడానికి గీతే లేదు.

గుర్తులతో టెన్షన్ పడేవాళ్లకి: ఫిజిక్స్‌లో వాయువు చేసిన పని ప్లస్, కెమిస్ట్రీలో వాయువు మీద చేసిన పని ప్లస్. రెండు పుస్తకాలూ కరెక్టే, ఒకే లెక్కలో రెండూ కలపకండి. డిగ్రీలు ఇస్తే ముందే 273 కలిపేయండి.