క్లీవ్: చీల్చడమా, అతుక్కోవడమా?

బి.ఏ. పరీక్షలో షేక్‌స్పియర్ నాటకం ‘మ్యాక్‌బెత్’ నుంచి ఒక వాక్యం ఇచ్చి వివరించమన్నారు. మ్యాక్‌బెత్‌కి అప్పుడే కొత్త పదవి వచ్చింది, ఆలోచనలో పడిపోయాడు. అది చూసి తోటి సేనాని బాంకో అంటాడు: కొత్త గౌరవాలు కొత్త బట్టల్లాంటివి, వాడగా వాడగా గానీ ఒంటికి ‘క్లీవ్’ కావు అని. ఇంగ్లీషులో క్లీవ్ (cleave) అంటే చీల్చడం, అంతవరకు నాకు డౌటే లేదు. మాది ఎర్రగుంట్ల, మా నాయన నాపరాయి గనిలో బండలు చీల్చేవాడు. కొత్త బట్టలు కొన్నాళ్లు వాడితే గానీ చినగవని అరపేజీ రాసొచ్చాను. ఆ జవాబుకు మార్కులేమీ రాలేదు.

నేను రాసింది వినడానికి బాగానే ఉంది చూడండి, ప్రమాదమంతా అక్కడే. బాంకో అన్నది, బట్ట ఒంటి తీరుకు అతుక్కుని కుదురుకోవడం గురించి.

పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేరు వేరు క్రియలు. క్లెయోఫాన్ అంటే చీల్చడం, క్లిఫియన్ అంటే అంటుకోవడం. పలకగా పలకగా రెండూ ఒకే రూపంలోకి వచ్చేశాయి. అందుకే పెద్ద డిక్షనరీల్లో క్లీవ్ రెండుసార్లు, పక్కన చిన్న అంకెలతో ఉంటుంది. మొదటిది చూసి పుస్తకం మూసేయకండి. ఈ సంగతి నాయనకు చెబితే, “అతుక్కోనుండేదాన్నే కదబ్బా చీల్చేది, రెండూ ఒకటే” అన్నాడు. వినడానికి బాగుంది గానీ తప్పు, పుట్టుకే వేరు.

ఇక తేల్చుకోవడం ఎలాగంటే, ముందు క్లీవ్ తర్వాత ఏముందో చూడండి. ‘టు’ గానీ ‘అన్‌టు’ గానీ ఉంటే దాదాపుగా అతుక్కోవడమే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్, ఆదికాండం రెండో అధ్యాయంలో పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యకు ‘అన్‌టు’తో క్లీవ్ అవుతాడు. తెలుగు బైబిల్లో అక్కడ ‘హత్తుకొనును’ అని ఉంది. ఇంతకంటే మంచి అనువాదం నాకు తట్టలేదు. 137వ కీర్తనలో నాలుక అంగిలికి క్లీవ్ అవుతుంది. మే నెలలో మా ఊరి స్టేషన్లో రైలు కోసం నిలబడినవాళ్లకు దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

‘టు’ లేకుండా నేరుగా ఒక వస్తువు వచ్చిందంటే చీల్చడం. నాయన బండ అంచు మీద వేలితో తడుముతూ పొర వెతికేవాడు. పొరలో ఉలి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు చిన్నగా కొట్టుకుంటూ పోతే ఒకచోట శబ్దం డొల్లగా మారేది. అప్పుడు గడ్డపారతో లేపితే బండ అట్టముక్కలా ఊడొచ్చేది. హామ్లెట్ తల్లి, నా గుండెను రెండుగా చీల్చావు కొడుకా అన్నప్పుడు నాకు ఆ డొల్ల శబ్దమే వినిపిస్తుంది. అక్కడ షేక్‌స్పియర్ వాడింది క్లెఫ్ట్.

భూతకాల రూపాలతో కాస్త జాగ్రత్త. క్లెఫ్ట్, క్లోవెన్ కనిపిస్తే టెన్షన్ లేదు, చీలికే. మేక గిట్టను క్లోవెన్ అనేది అందుకే. ‘క్లేవ్’ను మాత్రం నమ్మొద్దు. అదే బైబిల్లో అబ్రాహాము కట్టెలు చీల్చినా క్లేవే, రూతు అత్తను విడవకుండా హత్తుకున్నా క్లేవే. అత్త దగ్గర ‘అన్‌టు’ ఉంది, కట్టెల దగ్గర లేదు, అంతే తేడా. సంఖ్యాకాండం 16వ అధ్యాయంలో ఇంకో తిరకాసు: నేల దానంతటదే క్లేవ్ అవుతుంది. ‘టు’ లేదు, చీల్చబడే వస్తువూ లేదు. పక్కనున్న ‘అసండర్’, అంటే విడివిడిగా, దారి చూపిస్తుంది. ఏమీ దొరక్కపోతే రెండర్థాలూ పెట్టి వాక్యాన్ని గట్టిగా చదవండి. నాలాగా మొదటిది కుదరగానే ఆగిపోకండి.

మీరు సొంతంగా రాసేటప్పుడు దీని జోలికి పోకపోవడమే మంచిది. స్ప్లిట్, స్టిక్ ఉన్నాయి కదా.

మొన్న మా పాప అడిగింది, తెల్లగడ్డ పాయను క్లోవ్ అంటారు, లవంగాన్నీ క్లోవ్ అంటారు, రెండూ దీన్నుంచే వచ్చాయా అని. పాయ ఈ చీలిక కుటుంబందే. లవంగానిది లాటిన్లో మేకుకున్న పేరు. పోపులో వేయబోతున్న లవంగాన్ని తీసి తిప్పి చూపించాను: తల, కాడ, అచ్చంగా మేకే.